ఖాళీ బండి

ఫిబ్రవరి 2, సోమవారం

కంపెనీ బస్సులో వెనక సీటు దొరికింది. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా అక్షరాలు ఎగురుతున్నాయి. ఎగరనీ. ఇది చదవబోయేది నేనొక్కదాన్నే.

పొద్దున సూర్యప్రకాశరావు సార్ పిలిచారు. మా ల్యాబ్‌కు ఆయనే పెద్ద. కాజీపల్లిలో మా బ్లాకు మూసేస్తారని దసరా నుంచి క్యాంటీన్‌లో గుసగుసలు నడుస్తూనే ఉన్నాయి. ఈ రోజు ఆయన నోటితోనే విన్నాను. మందుల తయారీ అంతా గుజరాత్‌లో దహేజ్ అనే చోటికి మారుతుందట. సముద్రం పక్కన కొత్త యూనిట్. అక్కడి ల్యాబ్‌ను నన్ను నడపమంటున్నారు. ఎండాకాలం సెలవులయ్యాక చేరాలి. "ఇంట్లో అందరితో మాట్లాడుకుని చెప్పమ్మా తనుశ్రీ. ఇరవై ఎనిమిదో తారీఖు దాకా ఆగుతాను," అన్నారు.

"వస్తాను సార్," అన్నాను.

ఆయన చేతిలోని టీ కప్పు ఇంకా పెదాల దాకా చేరనే లేదు. ఆయనే కంగారు పడ్డారు. "అబ్బే, ఇప్పుడే చెప్పక్కర్లేదమ్మా," అన్నారు. "ఇప్పుడే చెప్తున్నాను సార్," అన్నాను.

బయటికి వచ్చి ల్యాబ్‌కు బదులు క్యాంటీన్ వైపు నడిచాను. భయమో సంతోషమో తెలియలేదు. అబద్ధం. తెలిసింది. సంతోషమే. నాలో ఏదో చాలాకాలంగా చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నట్టుంది.

ఇంట్లో ఈ రోజే చెప్పేస్తాను.

ఫిబ్రవరి 3

చెప్పలేదు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు.

ఫిబ్రవరి 4

చెప్పలేదు. ఈ రోజు ఎవరికీ ఏ నొప్పీ లేదు.

ఫిబ్రవరి 5, గురువారం

మేనత్త కొడుకును చేసుకుంటే ఇదే చిక్కు. మొగుడికి చెప్తే అత్తకు చెప్పినట్టు. అత్తకు చెప్తే ఆమె అన్నకు, అంటే మా నాన్నకు చెప్పినట్టు. ఒక్క మాట నోరు దాటితే కిష్టారెడ్డిపేటలో మా ఫ్లాట్ నుంచి బొంతపల్లి అవతల మా ఊరి దాకా చాయ్ చల్లారేలోపు చేరుతుంది. అందుకే ఆలోచించి చెప్పాలి. ఆలస్యానికి కారణం అదే. వేరే ఏమీ కాదు.

శ్రావణ్ బావకు డీసీఎం వ్యాన్ ఉంది. మందుల కంపెనీల డ్రమ్ములు ఇక్కడి నుంచి అక్కడికి, అక్కడి నుంచి ఇక్కడికి తిప్పుతాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చక్రాల మీదే ఉంటాడు, కానీ జడ్చర్ల దాటితే ఫారిన్ అంటాడు. ఇంత తిరిగే మనిషి ఇంత కదలని మనిషి ఎలా అయ్యాడో నాకు అర్థం కాదు. నేనేమో రోజంతా ఒకే యంత్రం ముందు కూర్చుంటాను, మనసు మాత్రం ఒక్క చోట కూర్చోదు.

ఈ రోజు సహస్ర బడి నుంచి ఒక పని తెచ్చింది. నాలుగో తరగతి వాళ్లను అనంతగిరి కొండలకు తీసుకెళ్తున్నారట. చీటీ మీద 'ట్రెక్' అని రాశారు. ఆ మాట ఎక్కడిది, దానికి అర్థమేంటి అని ప్రార్థన సమయంలో ఒకరు మాట్లాడాలి. మా పిల్లకే పడింది. వాళ్ల నాన్నను అడిగితే, "నడుసుడు బిడ్డా. పైసలు గట్టి నడిస్తె ట్రెక్, ఊకె నడిస్తె నడక," అన్నాడు. అత్తమ్మ పడీపడీ నవ్వింది. పిల్ల మాత్రం నా దగ్గరికే వచ్చింది.

ఫిబ్రవరి 6, శుక్రవారం

భోజనం వేళ ఫోన్‌లో వెతికాను. వెతుకుతూ అన్నం చల్లార్చుకున్నాను.

ట్రెక్ అంటే నడక కాదు. కొండ అంతకన్నా కాదు. డచ్చి భాషలో లాగడం. మన భాషలో గుంజుడు. దక్షిణాఫ్రికాలో స్థిరపడ్డ డచ్చి రైతుల నుంచి ఇంగ్లీషువాళ్లు ఈ మాటను తీసుకున్నారు. దాదాపు రెండొందల ఏళ్ల కింద ఆ రైతులు పెళ్లాం పిల్లలను, మంచాలను, కోళ్లను ఎడ్లబండ్లలో ఎక్కించుకుని తీరం వదిలి లోపలికి పోయారు. ఎడ్లు లాగాయి. ఆ లాగడమే ప్రయాణం పేరైంది. ఒక చోట బండి కట్టిన దగ్గర్నుంచి మళ్లీ ఎడ్లను విప్పే చోటి దాకా ఉన్న దూరాన్ని కూడా ట్రెక్ అనేవారట. బండి తోలేవాళ్లు ఎడ్లను అదిలించే కేక కూడా అదేనట.

ఇంత దూరం వెళ్లి వచ్చిన మాటను మా బావ ఒక్క ముక్కలో నడుసుడు అనేశాడు.

పక్కన రమ్యశ్రీ పెరుగన్నం కలుపుకుంటోంది. నాతోపాటే ఇక్కడ చేరిన అమ్మాయి. వాళ్ల నాన్నగారు పెద్ద ప్లాంటులో ఉద్యోగమని ఎప్పుడో తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. దహేజ్ రమ్మని తననూ అడిగారు. రానని చెప్పేసింది.

"లోపలికి పోయారంటున్నావు సరే. ఆ లోపల ఎవరూ లేరా?" అంది.

"ఉన్నారట. వాళ్లతో యుద్ధాలు కూడా అయ్యాయి."

"ఉంటారుగా మరి. మేమొచ్చినప్పుడు ఇక్కడ మీరు లేరూ? మా అమ్మని మీ ఊరి ఆడవాళ్లు ఏళ్ల తరబడి 'ఆంధ్రామె' అనే పిలిచేవారు."

మా ఊరి జొన్నచేల మీద గోడలు లేచినప్పుడు నాన్న కూడా 'వచ్చినోళ్లు' అనేవాడు. ఆ గోడల్లో ఒకదాని లోపలే నేనిప్పుడు అన్నం తింటున్నాను.

"మీ నాన్నగారు బయల్దేరేముందు మీ అమ్మగారిని అడిగారా?" అన్నాను.

రమ్యశ్రీ నవ్వింది. "అడగడమా? ట్రంకు పెట్టె సర్దమన్నారంట. మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది, ఆ పెట్టెలో తన వీణ పట్టలేదని. అది సరే, మీ ఆయనేమన్నాడు?"

"ఆలోచిద్దామన్నాడు," అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం.

ఫిబ్రవరి 8, ఆదివారం

ఊరికి వెళ్లొచ్చాం. నాన్న ఎడ్లను కడుగుతున్నాడు. పొలం సగానికి సగం ప్లాట్లయింది, మిగిలినదాన్ని ట్రాక్టర్ దున్నుతుంది. ఆ ఎడ్లకు పని లేదు. అయినా మైలోడు, కర్రోడు అల్లుళ్లలా కూర్చుని ఉలవలు తింటారు. ఎల్లమ్మ జాతరకు గుడి చుట్టూ ఊరి బండ్లు తిరుగుతాయి కదా. ఇప్పుడు ట్రాక్టర్లు, ఆటోలు, డీసీఎంలు కూడా పూలదండలు వేసుకుని తిరుగుతున్నాయి. మా నాన్న వెంకటేశం ఇంటి నుంచి మాత్రం ఎడ్లబండే పోవాలి, అదీ అందరికన్నా ముందు పోవాలి. ఆ ఒక్క సాయంత్రం కోసం ఏడాది పొడుగునా గడ్డి.

ట్రెక్ సంగతి చెప్పాను. నాన్నకు భలే నచ్చింది.

"సూసినవా! గాల్ల ఇంగిలీషుకు సుత ఎడ్లే దిక్కు. గుంజెటోళ్లు లేకుంటె ఏ తొవ్వ సాగుతది బిడ్డా?" అని కర్రోడి వీపు చరిచాడు. తర్వాత తన జోడెడ్లు ఏ కాలంలో ఎంత దూరం పోయాయో మొదలుపెట్టాడు. పోయినసారి జోగిపేట దాకా పోయిన బండి ఈసారి బీదరు దాకా పోయింది. వచ్చే ఏడాదికి అది ఆఫ్రికా చేరుతుంది.

"నువ్వెన్నడన్న ఊరిడిసి పోదామనుకున్నవా నాయినా?" అని అడిగాను.

"నేనెందుకు పోత? నాకేమైంది?" అన్నాడు. మళ్లీ నా వైపు చూసి, "నువ్వెందుకు అడుగుతున్నవ్?" అన్నాడు.

"ఊకెనే."

నాన్న కుడి భుజం పట్టేసింది. గడ్డిమోపు ఎత్తబోయి నొప్పి తెచ్చుకున్నాడు. జాతరకు బండి ఎవరు కడతారని అత్తమ్మ అడిగితే బావ ఛాతీ విరుచుకుని, "ఆరు చక్రాల బండి తోలెటోనికి రెండెడ్లు గట్టుడు ఎంత పని మామా!" అన్నాడు. ఎడ్లు ఇటు తిరిగి చూశాయి.

ఫిబ్రవరి 10

చెప్పలేదు. దహేజ్‌లో వాన ఎంత పడుతుందో చూశాను. ఊరికే.

ఫిబ్రవరి 12, గురువారం

ఈ రోజు ఎలాగైనా చెప్పాలనుకుని బస్సు దిగాను. లిఫ్టులో మొదటి మాట కూడా సిద్ధం చేసుకున్నాను. "బావా, జెర కూసో, ఒక మాట." తలుపు తీసేసరికి ఇల్లంతా జిలేబీ వాసన. పాశమైలారంలో ఒక కంపెనీ ఏడాది పొడుగునా బావ బండినే పెట్టుకుంటానందట. బావ పిల్లను భుజాల మీద ఎక్కించుకుని హాలంతా తిరుగుతున్నాడు.

"ఇగ పరేషాన్ లేదు తనూ. రోజు లోడ్ కోసం ఫోన్ దిక్కు జూసుడు బందు. పొద్దున పోయి సాయంత్రం ఇంట్ల ఉంట. నువ్వు, నేను, పాప, అమ్మ. ఇంకేం గావాలె?"

ఇంకేం కావాలి. ఆ ప్రశ్న నన్నే అడిగాడు. నేను జిలేబీ నోట్లో పెట్టుకున్నాను.

నాకు కావాలి. ఇంకా కావాలి. ఇది ఎక్కడా అనలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నాకు ఆ కొత్త ల్యాబ్ కావాలి. నేను చెప్పినట్టు నడిచే గది కావాలి. తెలియని ఊళ్లో ఒక పొద్దున లేచి, ఏ బస్సు ఎక్కాలో ఎవరినో అడగడం కావాలి. ఆయన సంతోషం చూసి నాకు కోపం వచ్చింది. ఆ కోపం మీద సిగ్గేసింది. రెండూ ఇంకా తగ్గలేదు.

సార్ దగ్గర ఒప్పుకున్నంత మాత్రాన అయిపోయినట్టు కాదు. ఇరవై ఎనిమిది దాకా ఎప్పుడైనా రానని చెప్పొచ్చు. అంటే నేనింకా నిర్ణయించుకోనట్టే లెక్క.

ఫిబ్రవరి 15, ఆదివారం

సహస్ర రేపు మాట్లాడాలి. ఈ రోజంతా సాధన. నానమ్మను, నాన్నను సోఫాలో కూర్చోబెట్టి, చీపురుకట్టను మైకు చేసుకుని చెప్పింది. ఎడ్లు, బండ్లు, గుంజుడు, అన్నీ వచ్చాయి. బావ ఈల వేశాడు. "గుజరాతోళ్లు, మార్వాడోళ్లు సుత గట్లనే ఒచ్చి ఉంటరు," అంది అత్తమ్మ. గుజరాత్ అనగానే నేను తలెత్తి చూశాను. ఆమె మాత్రం బఠాణీలు ఒలుస్తూనే ఉంది.

మైకు దింపి పిల్ల అడిగింది. "మమ్మీ, బండ్లల్ల పిల్లలున్నరు గద. వాళ్లనడిగిన్రా, పోదామా అని?"

"ఇంటర్నెట్ల లేదు బిడ్డా."

"అడుగలేదనుకుంట," అంది. "అడిగితె రాద్దురు గద."

ఫిబ్రవరి 16

చప్పట్లు బాగా కొట్టారట. చెప్పలేదు. నేను.

ఫిబ్రవరి 19, గురువారం

ల్యాబ్‌లో ఒక పరీక్ష రెండుసార్లు చెడగొట్టాను. నేనెప్పుడూ అలా చేయను. సీసా మీద సీసా తీస్తున్నాను, చెయ్యి ఒకచోట, బుర్ర ఇంకోచోట. ఇంట్లో కుర్చీలు జరుపుతున్నాను. నిన్న వంటింటి అరలన్నీ దింపి మళ్లీ సర్దాను. "పండుగ లేదు, సుట్టాలు లేరు, ఏందే ఈ సదురుడు?" అంది అత్తమ్మ. ఏవి తీసుకెళ్లాలి, ఏవి వదలాలి అని మనసులో విడదీస్తున్నానని నాకే ఆలస్యంగా తెలిసింది. ఇనుప పెనం తీసుకెళ్లే వైపు పెట్టాను. అత్తమ్మను ఏ వైపు పెట్టాలో తెలియలేదు. అంత ఘోరంగా ఆలోచించాను.

జాతరలో చెప్తాను. అందరూ ఒకచోటే ఉంటారు. ఒకేసారి తిట్టించుకుంటాను.

ఫిబ్రవరి 22, ఆదివారం

చెప్పాను.

అనుకున్నట్టు కాలేదు. మొదటి నుంచి రాస్తాను, లేకపోతే తర్వాత నాకు అనుకూలంగా మార్చి గుర్తు పెట్టుకుంటాను.

మధ్యాహ్నానికే ఊరు నిండింది. ఎడ్ల కొమ్ములకు రంగులు వేశాం. మెడలో గజ్జెలు కట్టాం. పెద్దరాములు, నాన్న పక్కింటాయన, డప్పులవాళ్లను వెంటబెట్టుకుని వచ్చి జల్దీ చేయమన్నాడు. వెనక ట్రాక్టర్లు ఆగి ఉన్నాయి, హారన్లు కొడుతున్నారు. నాన్న భుజానికి కండువా కట్టుకుని ముందే బండి మీద కూర్చున్నాడు. పక్కన అత్తమ్మ బోనం పట్టుకుంది. సహస్ర వాళ్ల మధ్యలో. నేను కొట్టంలోంచి ఎడ్లను తోలుకొచ్చాను. బావ కాడి ఎత్తి కట్టాడు.

బండి కదల్లేదు.

బావ అదిలించాడు. మైలోడు తల అటు తిప్పాడు, కర్రోడు ఇటు తిప్పాడు. రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుని బండిని అడ్డం తిప్పాయి. అత్తమ్మ చేతిలో బోనం ఊగింది. జనం నవ్వుతున్నారు. "డీసీఎంకు తాళంచెవి పెట్టినవా శ్రావణ్?" అని ఎవరో అరిచారు. బావ మొహం ఎర్రబడింది. చెర్నాకోల ఎత్తాడు.

"కొట్టకు!" అన్నాడు నాన్న. అంత గట్టిగా ఆయన అరవడం నేనెప్పుడూ వినలేదు. "ఎడ్లది తప్పు లేదు. పక్క మారింది, సూస్కో. మైలోడు దాపటెద్దు, ఎడమ దిక్కుండాలె. కర్రోడు ఎలపటెద్దు. ఉల్టా గట్టిన్రు."

నాకు తెలుసు. ఈ ఎడ్లు దూడలుగా ఉన్నప్పటి నుంచి చూస్తున్నాను. తోలుకొచ్చేటప్పుడు హారన్ల మోతకు అవి బెదిరి, పక్కలు మారిపోయాయి. నేను గమనించలేదు.

"నువ్వు జూసినవనుకున్న," అన్నాడు బావ.

"నువ్వు జూసి గడుతున్నవనుకున్న," అన్నాను.

విప్పి మళ్లీ కట్టాం. నాన్న బండి మీద నుంచే చెప్తున్నాడు, కోపం లేకుండా. "ఒక పక్కకు అలవాటైన ఎద్దు ఇంకో పక్క నడువది. కొడితె అసలే నడువది. మార్చరాదా అంటె మార్చొచ్చు. ముందుగాల ఖాళీ బండికి గట్టాలె. రోజింత దూరం తిప్పాలె. తొవ్వ దానికి సమజైనంక బరువు ఎయ్యాలె. మీరు మనుషులను ఎక్కించినంక పక్క మారిస్తిరి. అదేం జేస్తది పాపం?"

బండి కదిలింది. గుడి చుట్టూ బావ మైలోడి పక్కన, నేను ఆయన పక్కన నడుస్తున్నాం. డప్పులు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. అప్పుడు చెప్పాను. ఇంకొక్క నిమిషం కూడా నాలో పెట్టుకోలేకపోయాను.

"బావా, మా కంపెనీ గుజరాత్‌కు పోతున్నది. ల్యాబ్ నాకిస్తమన్నరు. నేను వస్తనని చెప్పిన."

ఆయన విననట్టు నడిచాడు. వినలేదేమో, మళ్లీ చెప్పాలేమోనని భయమేసింది.

"ఎప్పుడు జెప్పినవ్?" అన్నాడు.

"రెండో తారీఖు."

"జిలేబీ తెచ్చిన దినానికి ముందుగాలనే?"

"ముందుగాలనే."

గుడి చుట్టూ మిగిలిన చుట్లు కూడా తిరిగాం. ఆయన ఎడ్లను చక్కగా నడిపాడు. నన్ను మాత్రం చూడలేదు.

ఫిబ్రవరి 23

మాట్లాడలేదు.

ఫిబ్రవరి 24

మాట్లాడలేదు. కూర బాగుందన్నాడు, సహస్రతో.

ఫిబ్రవరి 25, బుధవారం

అరిస్తే బాగుండు. అరిస్తే నేనూ అరుస్తాను, నా దగ్గర చాలా మాటలున్నాయి. పాశమైలారం ఒప్పందం నాకు చెప్పి చేసుకున్నావా అని అడుగుతాను. నీ సంతోషం అందరి సంతోషమని ఎవరన్నారని అడుగుతాను. ఆయన ఆ అవకాశం ఇవ్వడం లేదు. పొద్దున పోతున్నాడు, సాయంత్రం వస్తున్నాడు, ఫోన్‌లో ఎవరితోనో బాల్కనీలో మాట్లాడుతున్నాడు.

అత్తమ్మ ఈ రోజు నా పక్కన కూర్చుని తలకు నూనె రాయమంది. రాస్తుంటే అంది. "వాడు జెప్పిండు. నాకు కోపమొచ్చింది. పోతనన్నందుకు గాదు. నేను లగ్గమై మీ ఊరిడిసి పోయినప్పుడు నన్ను సుత ఎవ్వలడుగలేదు. నువ్వు సదువుకున్నదానివి గద, అడుగుతవనుకున్న."

నూనె చేతులతోనే ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. ఎడమ వైపు సరిగ్గా పట్టలేదని, ఇంకొంచెం రాయమంది.

ఫిబ్రవరి 26

మాట్లాడలేదు.

ఫిబ్రవరి 27, శుక్రవారం

తెల్లవారేసరికి బావ లేడు. బండీ లేదు. పాశమైలారం లోడ్ ఉందేమో అనుకున్నాను. బావ దోస్తు యాదన్న పదకొండింటికి ఫోన్ చేసి, ఈ రెండు మూడు రోజులు పాశమైలారానికి తన బండి తిప్పమని శ్రావణ్ చెప్పాడని, ఏ గేటు దగ్గరికి వెళ్లాలో తెలియడం లేదని అడిగాడు. బావకు చేస్తే, "నడుపుతున్న," అని పెట్టేశాడు. సాయంత్రం చేస్తే, "నడుపుతున్న. మంచిగనే ఉన్న. పాపకు చెప్పు," అన్నాడు.

ఇంట్లోంచి పోయాడు. నేనింకా కదలకముందే ఆయన కదిలాడు. జడ్చర్ల దాటని మనిషి.

సహస్ర అడిగింది, డాడీ ఎటు పోయాడని. తెలియదన్నాను. "నీకు జెప్పలేదా?" అంది, ఆశ్చర్యంగా.

ఫిబ్రవరి 28, శనివారం, బస్సులో

ఈ రోజు సార్‌కు రానని చెప్తాను. బాధగానే ఉంది. అయినా చెప్తాను. ఆ డచ్చి బండ్లలో ముందు కూర్చుని తోలినవాళ్ల పేర్లే పుస్తకాల్లో ఉంటాయి. వెనక మంచాల మధ్య కూర్చున్నవాళ్ల మొహాలు ఎలా ఉండేవో ఎవరూ రాయలేదు. నా ఇంట్లో వాటిని ఈ వారమంతా చూశాను. ఇక చూడలేను.

అదే రోజు, బస్సులో, తిరిగి వస్తూ

పొద్దున సార్ ఆడిట్ మీటింగ్‌లో ఉన్నారు. నాలుగింటికి రమ్మన్నారు. మూడింటికి బావ ఫోన్ చేశాడు. వెనకాల గాలి హోరు.

"ఏడున్నవ్ బావా?"

"దహేజ్‌ల."

యంత్రాల గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను. "నాకు చెప్పకుండ పోయినవా?"

"నువ్వు జెప్పినవా?"

నా జవాబు కోసం ఆయన ఆగలేదు. "బుధవారం నాడే పర్మిట్ తీసుకున్న. దారిల లోడ్ ఇస్తమన్నరు, ఒద్దన్న. ఖాళీ బండే తెచ్చిన. మామ జెప్పిండు గద."

నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆయన చెప్తూనే ఉన్నాడు, ఆరు రోజుల మాటలు ఒక్కసారిగా. జహీరాబాద్‌లో చాయ్ తాగాడు. సోలాపూర్‌లో రొట్టె తిన్నాడు, కారం చాలలేదు. నాసిక్ అవతల బండిలోనే పడుకున్నాడు. సూరత్ దగ్గర దారి తప్పితే ఒక సర్దార్‌జీ చెప్పాడు. కట్టిన చోటు నుంచి విప్పిన చోటికి, మళ్లీ కట్టి ఇంకో చోటికి. మా పిల్ల మైకులో చెప్పింది అదే, ఆయన సోఫాలో కూర్చుని విన్నది అదే.

"ఎట్లున్నది ఊరు?" అన్నాను.

"మంచిగ లేదు. గాలంత ఉప్పు. చాయ్‌ల అల్లం దండిగేస్తున్నరు. బండ్లు మాత్రం మస్తున్నయ్, ఏడ జూసినా డ్రమ్ములే. ఒక బడి జూసిన, ఆడుకునే జాగ పెద్దగున్నది. అమ్మకు మెట్లు లేని ఇల్లు గావాలె, అడిగి పెట్టిన. ఒప్పుకున్న అని కాదు. తొవ్వ జూసుకుంటున్న, గంతే."

"నాలుగింటికి సార్‌కు ఏం జెప్పాలె బావా?"

"నన్నడుగుతున్నవా?"

"అడుగుతున్న."

గాలి హోరు ఇంకా పెరిగింది. ఫోన్ చెవికి అదిమి పెట్టుకున్నాను.

"మీ కొత్త కంపెనీ గేటు ముంగట నిలబడ్డ," అన్నాడు. "రంగు సుత ఎయ్యలే ఇంకా. వాచ్‌మన్ లోపటికి రానిస్తలేడు, ఎవలు గావాలె అన్నడు. ఈ ల్యాబ్‌కు మా ఇంటామె పెద్ద అన్న. పేరడిగిండు. చెప్పిన. ఆయనకు తెల్వదట."

"మరేమన్నవ్?"

"ఎండకాలం ఎల్లినంక తెలుస్తది తియ్యి అన్న."

గదిలో యంత్రం ఒకటి తన పని తాను చేసుకుపోతోంది. దాని పక్కన నిలబడి ఏడ్చాను, చప్పుడు కాకుండా. తర్వాత అత్తమ్మకు ఫోన్ చేశాను. అడిగాను. "మెట్లు లేని ఇల్లు దొరుకుతదా?" అంది. అడిగి పెట్టాడట అన్నాను. "ఇనుప పెనం మర్సిపోకు," అంది. సహస్రనూ అడిగాను. సముద్రం ఉంటుందా అంది. ఉంటుందన్నాను. నాన్న ఫోన్ ఎత్తలేదు, ఎడ్ల దగ్గర ఉండి ఉంటాడు.

నాలుగింటికి సార్ గదికి వెళ్లాను. ఆయన ముందు టీ ఉంది. "ఆ, చెప్పమ్మా," అన్నారు. ఆయన తాగడం అయ్యేదాకా ఆగాను.

"వస్తాం సార్," అన్నాను.